వేలికొసల చదువు

మెహిదీపట్నంలో తెల్లవారకముందే బస్సెక్కితే, కునుకు తీరేలోగా నగరం పొలిమేర దాటిపోతుంది. అటు గండిపేట, ఇటు హిమాయత్ సాగరు. 1908లో మూసీ వరద హైదరాబాదును ముంచెత్తిన తరవాత కట్టిన జలాశయాలివి. గండిపేట 1920లో, హిమాయత్ సాగరు 1927లో పూర్తి అయ్యాయి. ఆ రెండింటి నడుమ సాగే రోడ్డు మొయినాబాదు మీదుగా, మర్రిమానులకు పేరుపడిన దారిలో, చేవెళ్లకు చేరుతుంది. పట్నానికి కూరగాయలూ పూలూ పంపే పల్లెలివి. మన కూరల బుట్టలోని టమాటా, దసరాకు గుమ్మానికి కట్టే బంతిదండ ఈ దారిన వచ్చినవే అయివుండవచ్చు.

చేవెళ్ల ఇంకా కొంత దూరం వుందనగా బస్సు దిగి, రోడ్డు పక్కనే వున్న ఒక టమాటా తోటలోకి నడిచాను. అయిదారుగురు ఆడవాళ్లు సాలుకొకరు చొప్పున కాయ కోస్తున్నారు. వారిలో పెద్దావిడను చూసి ఆగిపోయాను. ఆమె చూపు పక్కసాలులో వున్న కోడలి మీద వుంది. మాట ఎవరింటిదో పెళ్లి మీద వుంది. చెయ్యి మాత్రం తన దారిన తాను ఆకుల్లోకి దూరి, ఒక కాయను తడిమి వదిలి, రెండోదాన్ని పట్టి, చిన్న మెలిక తిప్పి, తొడిమ దగ్గర తెంపి బుట్టలో పడేస్తున్నది. పడేస్తున్నది అనడం కూడా తప్పే, పెడుతున్నది. ఒక్క కాయకూ దెబ్బ తగలడం లేదు.

"చూడకుండానే ఎలా కోస్తున్నారమ్మా?" అని అడిగాను.

"ఏముంది సారూ! కన్ను సూసేదాక ఆగుతమా? చేతికి తెలుస్తది. పచ్చిదో, దోరదో, మెత్తవడ్డదో పట్టుకుంటె అదే చెప్తది."

"మరి ఎంత గట్టిగా పట్టుకోవాలి?"

"గట్టిగ వడితె పగుల్తది, అల్కగ వడితె జారుతది. గంతే!"

అంత తేలిక అయితే మనమూ చేయవచ్చు గదా అనిపించింది. నేనూ ఒక కాయను పట్టాను. నా బొటనవేలు పండులోకి దిగిపోయి, రసం మోచేతిదాకా కారింది. ఆడవాళ్లంతా నవ్వారు. పెద్దావిడ కొంగుతో నోరు తుడుచుకుని, "సారుకు సదువొచ్చు గని చెయ్యి రాదు" అన్నది.

ఆ మాట నన్ను ఉద్దేశించి అన్నదే అయినా, నాకు తట్టింది వేరు. ఈనాడు ప్రపంచంలోని గొప్ప గొప్ప ప్రయోగశాలల్లో తయారవుతున్న మరమనుషులకు వున్న జబ్బు సరిగ్గా ఇదే. వాటికి చదువు వచ్చింది. చెయ్యి రాలేదు.

ఒక చేతికి 17 వేలు

మన భాషలో వేలు అంటే అంగుళి. వేలు అంటే వెయ్యికి బహువచనం కూడాను. ఈ రెండు అర్థాలూ ఒకచోట కలిసే లెక్క ఒకటి వున్నది. స్వీడన్ దేశంలో ఓకే వాల్బో, రోలాండ్ యోహాన్సన్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు 1979లో తేల్చినదాన్ని బట్టి, మనిషి అరచేతిలోనూ వేళ్ల లోపలివైపునా కలిపి స్పర్శను పసిగట్టే నాడీకొసలు ఇంచుమించు 17,000. ఒక్క చేతికే! అందులోనూ దట్టంగా కిక్కిరిసి వున్నవి వేలికొసల్లో.

ఇవి నాలుగు రకాలు. కొన్ని వస్తువు తగిలిన క్షణంలోనూ, వదిలిన క్షణంలోనూ మాత్రమే మేలుకుంటాయి. కొన్ని నొక్కి పట్టినంతసేపూ కబురు పంపుతూనే వుంటాయి. కొన్ని చర్మం సాగడాన్ని కనిపెడతాయి. మరికొన్ని సన్నని కంపనాన్ని సయితం పట్టుకుంటాయి. చర్మం మీది ఒత్తిడి నాడికి తెలిసే కబురుగా మారడానికి మూలమైన ప్రోటీనులను కనిపెట్టినందుకే ఆర్డెమ్ పటపూటియన్ అనే శాస్త్రజ్ఞుడికి 2021లో నోబెల్ బహుమతిలో భాగం దక్కింది.

మనం గ్లాసు ఎత్తినప్పుడు ఏం జరుగుతుందో యోహాన్సన్, ఆయన సహచరులు 1984 ప్రాంతాల్లో జాగ్రత్తగా కొలిచారు. మన చెయ్యి ఎప్పుడూ అవసరానికి మించి గట్టిగా పట్టదు. ఎంత బలంతో పట్టుకుంటే వస్తువు జారకుండా వుంటుందో అంతకు కొంచెం, కొంచెమే, ఎక్కువగా పడుతుంది. వస్తువు రవ్వంత జారితే చాలు, సెకండులో పదోవంతయినా గడవకముందే పట్టు బిగుస్తుంది. ఇదంతా మన ప్రమేయం లేకుండానే జరిగిపోతుంది. "గట్టిగ వడితె పగుల్తది, అల్కగ వడితె జారుతది" అని చేవెళ్ల తోటలో విన్నది ఇదే సిద్ధాంతం.

ఆయన చేసిన మరొక ప్రయోగం చూడటానికి తమాషాగా వుంటుంది గాని, ఆలోచిస్తే గుండె జల్లుమంటుంది. ఒక మనిషిని అగ్గిపుల్ల తీసి వెలిగించమన్నారు. కొద్ది సెకండ్లలో వెలిగించేశాడు. తరవాత వేలికొసలకు మత్తుమందు ఇచ్చి మళ్లీ అదే పని చేయమన్నారు. కళ్లు బాగానే కనిపిస్తున్నాయి. కండరాలు బాగానే వున్నాయి. తెలివికి లోటు లేదు. అయినా పుల్ల వేళ్లలో నిలవదు, పడిపోతుంది, పట్టుకున్నాననుకుంటే వంకరగా వుంటుంది. అంతకుముందు చిటికెలో అయిన పనికి కొన్ని రెట్లు కాలం పట్టింది.

ఈనాటి మరమనుషుల్లో చాలామంది స్థితి ఆ మత్తు ఎక్కిన వేళ్లతో సమానం. చూపు వుంది, బలం వుంది. తగిలిందో లేదో తెలియదు.

కాటూరు నుంచి పిట్స్‌బర్గుకు

మొయినాబాదు మండలంలోనే చిలుకూరు వున్నది. అక్కడి బాలాజీ గుడి సంగతి తెలియని తెలుగు కుటుంబం ఈ రోజుల్లో అరుదు. అమెరికా వెళ్లదలచిన పిల్లలు వచ్చి 11 ప్రదక్షిణలు చేసి మొక్కుకుంటారు. కోరిక తీరాక వచ్చి 108 చేస్తారు. వీసా బాలాజీ అని స్వామికి ముద్దుపేరు. అలా వెళ్లినవారిలో కొందరు ఈనాడు మరమనుషుల ప్రయోగశాలల్లోనూ వుండి వుంటారు.

కాని ఆ దారి తొక్కిన తొలితరం తెలుగువారిలో ఒకరు ఆ ప్రయోగశాలనే నెలకొల్పారు. చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో పుట్టిన దబ్బల రాజగోపాల్ రెడ్డిగారు మద్రాసు గిండీలో ఇంజనీరింగు చదివి, అమెరికా వెళ్లి, రాజ్ రెడ్డిగా పేరుపొందారు. పిట్స్‌బర్గు నగరంలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో 1979లో మొదలైన రోబోటిక్స్ ఇన్‌స్టిట్యూటుకు ఆయనే తొలి డైరెక్టరు. 1994లో కంప్యూటరు శాస్త్రంలో అత్యున్నతమైన ట్యూరింగ్ పురస్కారం ఆయనకు లభించింది. 1998లో గచ్చిబౌలిలో వెలసిన ట్రిపుల్ ఐటీ పాలకమండలికి కూడా ఆయన చాలా ఏళ్లు అధ్యక్షత వహించారు.

ఆ ఇన్‌స్టిట్యూటులోనే పనిచేసిన హాన్స్ మొరావెక్ అనే శాస్త్రజ్ఞుడు 1988లో ఒక వింత విషయాన్ని ఎత్తిచూపాడు. చదరంగం వంటి పెద్దల తెలివితేటలు యంత్రానికి నేర్పడం పోల్చిచూస్తే తేలిక. ఏడాది పిల్లవాడు చూసినట్లు చూడటం, కదిలినట్లు కదలడం నేర్పడం బహు కష్టం. మనకు కష్టమైనది దానికి సులువు, మనకు సులువైనది దానికి కష్టం. లెక్కలు మనిషి నేర్చి కొన్ని వేల ఏళ్లే అయింది. పట్టుకోవడం, తడమడం కోట్ల ఏళ్లుగా ప్రాణికోటి ఒంటబట్టించుకున్న విద్య. మనకు తెలియకుండానే వచ్చేసింది గనుక అది విద్య అన్న సంగతే మరచిపోయాం.

పుస్తకంలో అరిసెలు

ఇటీవల ఈ రంగంలో పెద్ద మార్పు వచ్చింది. ఇదివరకు మరచేతికి ఒక్కొక్క పనీ విడివిడిగా, మొదటినుంచీ నేర్పవలసి వచ్చేది. ఇప్పుడు అలా కాదు. ముందుగా ఒక కృత్రిమ మేధకు లోకంలోని కోట్లకొద్దీ బొమ్మలనూ వాటి పక్కన రాసిన మాటలనూ చదివిస్తారు. టమాటా ఎలా వుంటుందో, బుట్ట అంటే ఏమిటో అది అలా తెలుసుకుంటుంది. తరవాత మరచేతులు పనిచేసిన ఉదాహరణలు చూపిస్తారు. ఇలా ముందే చదువు పూర్తిచేసుకున్న మేధను తెచ్చి, కొత్త పనికి కాస్త తర్ఫీదు ఇస్తే సరిపోతుంది. మన పిల్లవాడికి ఓనమాలు వచ్చాక ఏ పుస్తకమైనా చదవగలిగినట్లన్నమాట.

2023లో గూగుల్ డీప్‌మైండ్ వారు చేసిన ఆర్.టి.2 అనే మేధ ఇటువంటిదే. బల్లమీద బొమ్మలు పరచి "ఇప్పుడు లోకంలో లేకుండా పోయిన జంతువును తియ్యి" అంటే, ఎవరూ ప్రత్యేకంగా నేర్పకపోయినా డైనోసారు బొమ్మను తీసింది. అదే ఏడాది దేశదేశాల ప్రయోగశాలలు చేతులు కలిపి, 22 రకాల మరమనుషులు చేసిన పనుల దృష్టాంతాలు 10 లక్షలకు పైగా ఒకచోట పోగుచేసి అందరికీ ఇచ్చాయి.

అయితే ఈ చదువంతా ప్రధానంగా కంటితో చదివినది. దీని లోపం ఏమిటో మా ఇంట్లో జరిగిన ఒక ముచ్చట చెబితే తెలుస్తుంది. పెళ్లయిన కొత్తలో మా ఆవిడ సంక్రాంతికి అరిసెలు చేద్దామని వంటల పుస్తకం ముందు పెట్టుకుని కూర్చున్నది. బియ్యం ఎంత, బెల్లం ఎంత, పాకం ఎంతసేపు, అన్నీ అందులో వున్నాయి. తు.చ. తప్పకుండా చేసింది. తీరా నూనెలో వేస్తే అరిసెలు విచ్చిపోయాయి. పండుగకు వచ్చిన మా అమ్మమ్మ పుస్తకం అవతల పెట్టి, చన్నీళ్ల గిన్నెలో పాకం చుక్క వేసి, వేళ్లతో ఉండ చేసి, కోడలి వేళ్లలో పెట్టింది. "ఇదిగో, ఇంత మెత్తన వుండాలి. చూడకు, పట్టుకో" అన్నది. ఆ "ఇంత" ఏ పుస్తకంలోనూ వుండదు.

చూపు మాత్రమే చదివిన మరచెయ్యి మా ఆవిడ మొదటిసారి చేసిన అరిసెల వంటిది. పండు ఎక్కడ వుందో దానికి తెలుసు. దగ్గరికి పోయేసరికి దాని చెయ్యే కెమేరాకు అడ్డం వస్తుంది. సంచీలోకి చెయ్యి పెడితే ఇక గుడ్డిదే. నిండు పాల పాకెట్టూ సగం పాకెట్టూ, పచ్చికాయా దోరకాయా కొన్నిసార్లు కంటికి ఒకేలా కనిపిస్తాయి. తను గట్టిగా నొక్కుతున్నదన్న సంగతి పండు చితికిన తరవాత గాని కంటికి తెలియదు. అప్పుడు తెలిసి ఏం లాభం?

వేలికొసలో కెమేరా

మరి యంత్రానికి స్పర్శ ఎలా తేవాలి? దీనికి ఒక చక్కని ఉపాయం తట్టినది చూపును గురించి జీవితమంతా పరిశోధించిన ప్రొఫెసరుకే. అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయం, ఎమ్.ఐ.టి.లో ఎడ్వర్డ్ ఆడెల్సన్‌గారు తన పసిపిల్లలు లోకాన్ని కళ్లతో ఎలా తెలుసుకుంటారో గమనిద్దామనుకున్నారట. పిల్లలు చూడటంకంటే ఎక్కువగా ప్రతిదాన్నీ వేళ్లతో పట్టిచూస్తున్నారని గ్రహించి ఆయన ఆశ్చర్యపోయారు. 2009లో ఆయన, ఆయన సహచరుడు కలిసి జెల్‌సైట్ అనే సాధనాన్ని లోకానికి చూపించారు.

ఇది అర్థం కావాలంటే పూరీపిండి ముద్దమీద వేలు నొక్కి చూడండి. గీతలతో సహా వేలిముద్ర పడుతుంది. జెల్‌సైట్ కూడా అంతే. మెత్తని జిగురుదిండు ఒకటి. దాని పైపొరకు వెలుతురును తిప్పికొట్టే పూత. లోపల చిన్న దీపాలు, వెనక ఒక కెమేరా. వస్తువు తగిలినప్పుడు దిండు సొట్టపడుతుంది. లోపలి కెమేరా ఆ సొట్టను ఫోటో తీస్తుంది. దిండుమీద చిన్న చుక్కలు పెడితే, అవి ఎటు జరిగాయో చూసి వస్తువు జారుతున్నదని కనిపెట్టవచ్చు. అంటే, తాకిడి బొమ్మగా మారిందన్నమాట. 2020లో ఇటువంటిదే, వేలికొసంత చిన్నది, డిజిట్ అనే పేరుతో ఫేస్‌బుక్ పరిశోధకులు తయారుచేసి దాని నిర్మాణ రహస్యాన్ని అందరికీ ఇచ్చేశారు.

తాకిడి బొమ్మ అయిందంటే, బొమ్మలు చదవడం నేర్చిన మేధ తాకిడిని కూడా చదవగలదు. కాని చిక్కు ఒకటి వున్నది. లోకంలో ఫోటోలు కోట్లకొద్దీ దొరుకుతాయి. ప్రతి పెళ్లికీ ప్రతి పుట్టినరోజుకీ తీస్తున్నాం. టమాటాను పట్టుకుంటే వేలికి ఎలా వుంటుందో ఎవరు ఫోటో తీసి దాచారు?

2024లో ఈ లోటు తీర్చే ప్రయత్నం ఒకటి జరిగింది. ఫేస్‌బుక్ మాతృసంస్థ మెటా పరిశోధకులు, వాషింగ్టన్ విశ్వవిద్యాలయం వారు, రాజ్ రెడ్డిగారు తొలి డైరెక్టరుగా పనిచేసిన కార్నెగీ మెలన్ వారు కలిసి 4 లక్షల 60 వేలకు పైగా తాకిడి బొమ్మలు పోగుచేసి ఒక మేధకు చదివించారు. ఎవరూ పక్కన కూర్చుని "ఇది మెత్తన, ఇది గరుకు" అని చెప్పలేదు. బొమ్మలో కొంత భాగం మూసివేసి, మూసినచోట ఏముండాలో వూహించమన్నారు. ఖాళీలు పూరించండి అని బడిలో ఇచ్చే లెక్క వంటిదే. అలా పూరించి పూరించి, ఎంత బలం పడుతున్నది, జారుతున్నదా లేదా అన్న వివేకం దానికి అబ్బింది. ఒక్కొక్క పనికీ విడిగా తర్ఫీదు ఇచ్చిన యంత్రాలకంటే ఇది పరీక్షల్లో సగటున 95 శాతం మెరుగ్గా నిలిచిందని వారు ప్రకటించారు.

దానికి వారు పెట్టిన పేరేమిటో తెలుసునా? "స్పర్శ్"! మన స్పర్శే. సంస్కృతం నుంచి తీసుకున్నామని వారే చెప్పుకున్నారు.

కొత్త కోడలి మాట ఎవరు వింటారు?

ఇక ఒక చిత్రమైన ఇబ్బంది చెబుతాను. చూపుతో చదువుకున్న పెద్ద మేధకు స్పర్శను తెచ్చి జోడించినంత మాత్రాన అది స్పర్శను లెక్కచేయదు. చూపు పాత కాపు. దాని మాటే చెల్లుబాటు అవుతుంది. స్పర్శ కొత్తగా కాపురానికి వచ్చిన కోడలు వంటిది. నిజం చెప్పినా ఆలకించేవారు వుండరు.

దీనికి 2025 జనవరిలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్కిలీ పరిశోధకులు ఒక మార్గం చూపారు. మరచేతికి స్పర్శనూ వినికిడినీ జోడించి, దాదాపు 27 వేల దృష్టాంతాలు పోగుచేశారు. చేతికి ఏం తగిలిందో ఆ మేధచేత మాటల్లో చెప్పించారు. మెత్తగా వుందా? గరుకుగా వుందా? చప్పుడు అవుతున్నదా? మేధకు మాటలు ముందే వచ్చు గనుక, తాకిడికీ మాటకూ ముడిపడగానే తాకిడి మాట చెల్లసాగింది. చూపు పనికిరాని సంచీలోంచి వస్తువులు తీయడం వంటి పనుల్లో, వారు పోల్చిచూసిన ఇతర పద్ధతులకంటే 20 శాతానికి పైగా ఎక్కువసార్లు అది నెగ్గింది.

మా అమ్మమ్మ చేసినదీ ఇదే గదా! ఉండను వేళ్లలో పెట్టి ఊరుకోలేదు. "ఇంత మెత్తన" అని మాట కలిపింది. పచ్చి, దోర, మెత్తబడ్డది అని తోటలో పెద్దావిడ చెప్పినవీ అలాంటి మాటలే.

మరొక ఇబ్బంది కాలానిది. ఆర్.టి.2లో పెద్దదయిన మేధ సెకండుకు ఒకటి నుంచి మూడు నిర్ణయాలు మాత్రమే చేయగలిగేది. మన వేళ్లు సెకండులో పదోవంతు లోపల పట్టు సవరించుకుంటాయి. పెద్దబుర్ర ఆలోచించి ఉత్తరువు ఇచ్చేలోగా టమాటా నేలమీద వుంటుంది. అందుకని ఈమధ్య శాస్త్రజ్ఞులు పనిని రెండుగా పంచుతున్నారు. ఏం చేయాలో నిదానంగా నిర్ణయించేది పెద్ద మేధ. జారిందా, బిగించు, నలిగిందా, వదులు అని క్షణంలో సర్దుకునేది చేతి దగ్గర వుండే చిన్న మేధ. ఇంటి యజమాని నెల పద్దు వేస్తే, పొంగుతున్న పాలు చూసి పొయ్యి తగ్గించేది ఇల్లాలు అన్నట్లు.

ఇదంతా ప్రయోగశాలకే పరిమితం కాలేదు. 2025 మే నెలలో అమెజాన్ కంపెనీ వల్కన్ అనే స్పర్శ తెలిసిన మరచేతిని ప్రకటించింది. అమెరికాలోని స్పోకేన్‌లో, జర్మనీలోని హాంబుర్గులో వున్న గిడ్డంగుల్లో అది కిక్కిరిసిన అరల్లో సామాను సర్దే, తీసే పని చేస్తున్నదని చెప్పింది. అక్కడి సరుకు రకాల్లో ఇంచుమించు నాలుగింట మూడు వంతులు అది పట్టుకోగలదట.

గట్టి టమాటా కథ

అయితే మన చేవెళ్లకు దీనితో ఏమిటి పని? ఎండ, దుమ్ము, మంచు, ఆకు జిగురు వుండే తోట వేరు. చల్లని గదిలోని బల్ల వేరు. జిగురుదిండు గరుకు తగిలితే అరుగుతుంది. ఈ యంత్రాలు రేపే వచ్చి మన సాళ్లలో నిలబడతాయని ఎవరూ అనరు. కాని ఇదివరకు ఒకచోట ఏం జరిగిందో తెలుసుకోవడం మంచిది.

కాలిఫోర్నియాలో టమాటా కోసే యంత్రం 1960 ప్రాంతంలోనే వచ్చింది. డేవిస్‌లోని విశ్వవిద్యాలయంలో తయారయింది. దానికి స్పర్శ ఎక్కడిది? మొక్కను మొదలంటా కోసి కుదిపేస్తుంది. మామూలు టమాటా ఆ కుదుపుకు పచ్చడే. అందుకని ఏం చేశారంటే, యంత్రానికి మెత్తదనం నేర్పలేక, టమాటాకే గట్టిదనం నేర్పారు! జాక్ హన్నా అనే శాస్త్రజ్ఞుడు ఏళ్ల తరబడి శ్రమించి, తోలు గట్టిగా వుండి, అన్నీ ఒక్కసారే పండే రకాన్ని పెంచాడు. 1960ల చివరికి అక్కడ డబ్బాలకు పోయే టమాటా దాదాపు అంతా యంత్రం కోతే అయింది.

దాని వెనక కథ వింటే మనసు కలుక్కుమంటుంది. ఆ యంత్రం కొనగలవారు పెద్ద రైతులే. 1960ల మొదట్లో ఆ రాష్ట్రంలో 4,000 మంది దాకా వున్న టమాటా రైతులు 1973 నాటికి 600 మంది మిగిలారు. వేలాది కూలీల పని పోయింది. కూలీల తరఫున 1979లో విశ్వవిద్యాలయం మీదనే దావా పడింది.

కనుక దారులు రెండు. చేతకాని యంత్రానికి తగినట్లు పండునూ పొలాన్నీ మనుషులనూ మార్చుకోవడం ఒకటి. పండుకు తగినట్లు యంత్రం మెత్తబడటం రెండోది. ఈనాటి శాస్త్రజ్ఞులు పడుతున్న పాటు రెండోదాని కోసం. అందుకు సంతోషించవలసిందే. కాని రెండో దారిలో కూలి పోదని ఎవరూ హామీ ఇవ్వలేదు. పైగా అందులో ఇంకొక ప్రశ్న వున్నది. మెత్తదనం నేర్పే గురువెవరు?

గురుదక్షిణ

మాటలు పుస్తకాల్లో దొరికాయి. బొమ్మలు అంతటా దొరికాయి. వేలికొసల విద్య మాత్రం ఇంకా మనుషుల వేళ్లలోనే వున్నది. దాన్ని తీసుకోవాలంటే ఆ మనుషుల దగ్గరికే రావాలి. వస్తున్నారు కూడా. 2025లో తమిళనాడులోని కరూరులో యువకులు తలకు కెమేరా కట్టుకుని రోజంతా తువాళ్లు మడతపెడుతున్న సంగతి పత్రికల్లో వచ్చింది. ఆ చిత్రాలు చూసి ఎక్కడో మరచేతులు మడత నేర్చుకుంటాయి. అందులోనూ నుదుటి కెమేరా పట్టుకున్నది కంటి భాగమే. ఎంత బిగువుగా లాగారో, ఎక్కడ వదిలారో వేలికే తెలుసు. రేపు ఆ వేలికి కూడా తొడుగు వేస్తారు.

పొద్దెక్కింది. ఆడవాళ్లు చెట్టుకింద చేరి చాయ పోసుకున్నారు. నాకూ ఒక గ్లాసు ఇచ్చారు. ఇదంతా నాకు చేతనయిన మాటల్లో చెప్పాను. జిగురు వేలు అంటే నవ్వారు. దానికి స్పర్శ్ అని పేరు పెట్టారంటే కోడలు మరీ నవ్వింది. పెద్దావిడ నవ్వలేదు. గ్లాసు కింద పెట్టి, కాసేపు తన వేళ్ల వంక చూసుకున్నది. టమాటా ఆకు పసరుకు అవి నల్లబడి వున్నాయి.

"నేర్పుమంటె నేర్పుత సారూ, అండ్ల ఏమున్నది" అన్నది. "గని నేర్పినందుకు కూలి ఇస్తరా? నేర్చినంక కూలి బంద్ జేస్తరా?"

ఇంత చదువు చదివిన పెద్ద మేధను అడిగినా ఈ ప్రశ్నకు అల్లిబిల్లిగా నాలుగు పేజీల జవాబు వస్తుంది గాని, ఆమెకు కావలసిన ఒక్క మాట రాదు. ఆ మాట చెప్పవలసినవారు యంత్రాలు కాదు. యంత్రాలు చేయించేవారూ, చట్టాలు చేసేవారూ, పండు కొనుక్కుతినే మనమూను. గురువు దగ్గర విద్య తీసుకుని దక్షిణగా ఆ గురువు బొటనవేలినే అడిగే లోకం రాకూడదని కోరుకోవడంలో తప్పేమిటి?

సెలవు తీసుకుని లేచాను. ఆమె బుట్టలోంచి ఒక దోరకాయ తీసి నా చేతిలో పెట్టింది.

"గట్టిగ వట్టకుండ్రి" అన్నది.

మెహిదీపట్నం వచ్చేదాకా బస్సు కిక్కిరిసే వున్నది. ఒక చేత్తో కమ్మీ, ఒక చేత్తో కాయ పట్టుకుని నిలుచున్నాను. చితకకుండా, జారకుండా ఇల్లు చేర్చడానికి దారిపొడుగునా మరో ఆలోచన లేకుండా పోయింది.